సీసం కేంద్రకాలు తాకకుండానే విరిగి బంగారం ఎలా అయ్యాయి?

గీటురాయి:
అందరికీ నమస్కారం. మాది బంగారం పని చేసే కుటుంబం. జెనీవా దగ్గర సెర్న్ అనే కణ భౌతిక ప్రయోగశాలలో సీసం బంగారంగా మారిందని 2025 మేలో వచ్చిన వార్తను మొన్న నాన్నగారికి చదివి వినిపించాను. ఆయన పటకారు పక్కన పెట్టి, "సీసం బంగారానికి శత్రువురా. మూసలో పిసరంత కలిసినా కడ్డీ పెళుసెక్కి సుత్తి దెబ్బకు పగిలిపోతుంది. అది బంగారం ఎలా అవుతుంది?" అన్నారు. సీసంలో 82 ప్రోటాన్లు, బంగారంలో 79, మూడు పోతే చాలని చెప్పాను. కానీ ఆ కేంద్రకాలు గుద్దుకోలేదు, పక్కపక్క నుంచి వెళ్లిపోయాయని రాశారు. తాకకపోతే ఎందుకు విరుగుతాయి? తెలియని సంగతి ఆయనకు తెలిసినట్టు చెప్పలేను. దయచేసి వివరించండి.

బీమ్‌లైన్:
నాన్నగారి అనుమానం సరైనదే. మూసలో ఎంత కాల్చినా సీసం సీసమే, ఎందుకంటే ఆ వేడి కేంద్రకం దాకా వెళ్లదు. నా పీహెచ్‌డీ ఇలా విరిగిన ముక్కల మీదే, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

సెర్న్‌లో కేంద్రకాలను వేగంగా పరుగెత్తించే పెద్ద యంత్రం ఎల్‌హెచ్‌సీ. అందులో సీసం కేంద్రకం వేగం కాంతి వేగంలో 99.999993 శాతం. ఆ వేగంలో 82 ప్రోటాన్ల విద్యుత్ క్షేత్రం అప్పడంలా పలచబడి, వెళ్లే దారికి అడ్డంగా నిలుస్తుంది. ఎదురుగా వచ్చే కేంద్రకం పక్కనుంచి పోయినా సరే, ఈ అప్పడం దాని మీదుగా దూసుకుపోతుంది. అది ఫోటాన్ల, అంటే కాంతి కణాల, దెబ్బతో సమానం. దాంతో లోపల ప్రోటాన్లన్నీ ఒక వైపుకి, న్యూట్రాన్లన్నీ ఇంకో వైపుకి ఊగుతాయి. ఆ ఊపులో 13 ఎంఈవీ (కేంద్రకాల శక్తిని కొలిచే కొలత) పైచిలుకు శక్తి ఉంటుంది. ఒక న్యూట్రాన్ ఊడిపోవడానికి 7.4 ఎంఈవీ చాలు. అందుకే ఎక్కువసార్లు ఒకటో రెండో న్యూట్రాన్లు రాలిపోతాయి, సీసం సీసంగానే మిగులుతుంది. ప్రోటాన్‌కు మాత్రం విద్యుదావేశం వల్ల కేంద్రకం అంచున ఒక గట్టు అడ్డుంటుంది. అది దాటాలంటే ఇంకా బలమైన ఫోటాన్ తగలాలి. ఒక ప్రోటాన్ పోతే థాలియం, రెండు పోతే పాదరసం, మూడు పోతే బంగారం.

నాన్నగారికి ఇది తప్పకుండా చెప్పండి: ఆ బంగారాన్ని ఎవరూ నేరుగా చూడలేదు. ఎల్‌హెచ్‌సీలోని నాలుగు పెద్ద ప్రయోగాల్లో ఒకటైన ఆలిస్‌లో కిరణాలు కలిసే చోటికి అటూ ఇటూ 112.5 మీటర్ల దూరంలో కెలోరిమీటర్లు, అంటే వచ్చి పడిన కణాల శక్తిని కొలిచే పరికరాలు, ఉన్నాయి. న్యూట్రాన్లకు ఒకటి, ప్రోటాన్లకు ఒకటి. మూడు ప్రోటాన్లు వచ్చి పడితే మిగిలింది బంగారమని లెక్క. నగను చూడకుండా, రాలిన రజను తూచి తరుగు కట్టినట్టు.

2015 నుంచి 2018 దాకా నాలుగు ప్రయోగాల దగ్గరా కలిపి 8,600 కోట్ల బంగారు కేంద్రకాలు తయారయ్యాయి. గ్రామును లక్ష కోట్ల భాగాలు చేస్తే అందులో 29 భాగాలు. అవి కూడా వెంటనే కిరణాలు వెళ్లే గొట్టం గోడకు తగిలి చెదిరిపోయాయి.

గీటురాయి:
చాలా థాంక్స్ అండీ. తరుగు మాట వినగానే నాన్నగారు లేచి కూర్చున్నారు. ఆయన రెండు సంగతులు అడగమన్నారు. అది గీటురాయి మీద నిలిచే బంగారమేనా? నిజంగానే గుద్దుకుంటే ఏమవుతుంది?

బీమ్‌లైన్:
నిలకడగా ఉండే బంగారం ఒక్కటే, 118 న్యూట్రాన్లు ఉన్నది. సీసం 208లో (ప్రోటాన్లు, న్యూట్రాన్లు కలిపి 208) న్యూట్రాన్లు 126 ఉన్నాయి. అంటే మూడు ప్రోటాన్లతో పాటు సరిగ్గా 8 న్యూట్రాన్లు కూడా పోవాలి. లేకపోతే అది రేడియోధార్మిక బంగారం, కొంతకాలానికి ఇంకో మూలకంగా మారిపోతుంది.

గుద్దుకోవడం గురించి జర్మనీలో డార్మ్‌స్టాట్ దగ్గర జీఎస్ఐ అనే పరిశోధన కేంద్రంలో బాగా చూశారు. బంగారు కేంద్రకాలను, ఒక్కో న్యూక్లియాన్‌కు (ప్రోటాన్ గానీ న్యూట్రాన్ గానీ) 600 ఎంఈవీ శక్తితో, బంగారు రేకు మీదే కొట్టారు. అంచులు ఒరుసుకుంటే ఒక పెద్ద ముక్క, కొన్ని న్యూట్రాన్లు. నట్టనడుమ తగిలితే పొడిపొడి. ఈ రెండింటికీ మధ్యలో తగిలినప్పుడే ఓ మోస్తరు సైజు ముక్కలు ఎక్కువగా వచ్చాయి.

1995లో వాళ్లు ప్రచురించిన గ్రాఫ్ నాకు ప్రాణం. శక్తి పెరుగుతూనే ఉంది, ఉష్ణోగ్రత మాత్రం 5 ఎంఈవీ దగ్గర, అంటే సుమారు 5,800 కోట్ల డిగ్రీల దగ్గర, చాలా దూరం కదలలేదు. మూసలో చివరి తునక కరిగేదాకా బంగారం 1,064 డిగ్రీల దగ్గరే నిలవడం నాన్నగారికి చేతి పనిలో తెలిసిందే. ఇక్కడ మాత్రం కరగడం కాదు, కేంద్రకం నీళ్లలా మరిగి ఆవిరవుతోందని వాళ్లు అర్థం చెప్పారు. దాని మీద తర్వాత చాలా ఏళ్లు వాదనలు నడిచాయి.