గోల్కొండలో గజ్జెల చప్పుడు విన్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

గోడమీద పిల్లి:
పోయిన శనివారం చెల్లితో గోల్కొండకి వెళ్ళాను. కొండ పైన బాలాహిస్సార్ మండపం దగ్గర ఫొటోలు దిగుతూ ఆలస్యం చేశాం. కిందికి వచ్చేసరికి చీకటి పడుతోంది, జనం పలచబడ్డారు. రాణీమహల్ దాటుతుంటే సన్నగా గజ్జెల చప్పుడు. మేం ఆగితే ఆగింది. నాలుగడుగులు వేశామో లేదో మళ్ళీ ఘల్లుమంది. ఇంటికొచ్చి చెప్తే, "తారామతి అయ్యుంటుందిలే, రాత్రిళ్ళు ఆడుతుందట" అంది పిన్ని, కూరగాయలు తరుగుతూ. ఇందులో చరిత్ర ఎంత, కథ ఎంత?

దయ్యాల డిపార్ట్‌మెంట్:
మా హాస్టల్ వెర్షన్‌లో ప్రేమామతి కూడా వస్తుంది. తారామతి బారాదరి, అంటే ఆవిడ పేరున్న మండపం, అక్కణ్ణుంచి కోటదాకా కట్టిన తాడు మీద ఇద్దరూ ఆడుతూ వస్తారట. పౌర్ణమి కంపల్సరీ.

లంగర్‌హౌస్ అల్లుడు:
మా అత్తగారిల్లు కోటకి దగ్గరే. వచ్చిన ప్రతి చుట్టాన్నీ తిప్పే డ్యూటీ నాదే కాబట్టి చెప్తున్నా. తారామతి, ప్రేమామతి అబ్దుల్లా కుతుబ్ షా కొలువులో నర్తకులని చెప్పుకుంటారు. కుతుబ్ షాహీ సమాధుల దగ్గరే వాళ్ళవీ ఉన్నాయి. రాజుల సరసన అంత మర్యాదగా పడుకున్నవాళ్ళు లేచొచ్చి ఎందుకు ఆడాలో నాకైతే అర్థం కాదు.

అసలు సంగతి ఆ కోట చప్పుడుని మోసే తీరులో ఉంది. టికెట్ తీసుకుని లోపలికి రాగానే గుమ్మటం ఉంటుంది చూడండి, దాని కింద మా బామ్మర్ది చప్పట్లు కొడితే, అంత ఎత్తున బాలాహిస్సార్‌లో నిలబడ్డ నాకు పక్కన ఎవరో చిటికె వేసినట్టు వినిపించింది. కింద ఎవరైనా వస్తే పైవాళ్ళకి తెలియడానికే ఆ ఏర్పాటు అంటారు.

చప్పుడు విలువ ఔరంగజేబు సైన్యానికీ తెలిసొచ్చింది. 1687లో ఎనిమిది నెలలు ముట్టడించారు. ఒక రాత్రి నిచ్చెనలు వేసి గోడ ఎక్కుతుంటే వీధికుక్క మొరిగి కోటంతా లేపిందట. గోల్కొండ చివరి సుల్తాన్ తానాషా ఆ కుక్క మెడలో బంగారు గొలుసు వేయించాడని చెప్తారు. చివరికి ఫిరంగులతో కాదు, లంచం తిన్న కోట సర్దారు అబ్దుల్లా ఖాన్ పనీ రాత్రిపూట తలుపు తీస్తే పోయింది కోట. ఆ రాత్రి కుక్క ఎక్కడుందో మరి! దయ్యమై తిరగాల్సినవాడు ఎవడైనా ఉంటే వాడే, కానీ వాడి కథ ఎవరూ చెప్పరు.

ఇక మీ గజ్జెలు. మూసేవేళ వాచ్‌మన్ జనాన్ని తోలుకుంటూ వెనకే వస్తాడు. నడుముకి తాళాల గుత్తి. మీరు ఆగితే ఆయనా ఆగుతాడు.

గోడమీద పిల్లి:
అయ్యో, ఈల కూడా వేశాడు అన్నా! అది గబ్బిలం అనుకున్నాం. ఈసారి చెల్లిని గుమ్మటం కింద నిలబెడతా. సరిగ్గా ఎక్కడ?

లంగర్‌హౌస్ అల్లుడు:
నడిమధ్యలో. ఆదివారం మాత్రం వెళ్ళకండి. ఊరంతా చప్పట్లు కొడుతుంటారు, మీ చెల్లివి ఏవో తేలదు.