ఎయిట్ ఆఫ్ పెంటకిల్స్ రెండుసార్లు వచ్చింది, షాపు పెట్టమనా ఆగమనా?

మగ్గంపిల్ల_బెజవాడ:
వన్‌టౌన్‌లో ఒక బొటీక్‌లో మూడేళ్లుగా మగ్గం వర్క్ చేస్తున్నా. సొంత షాపు పెట్టాలని ఉంది. ఫ్రెండ్ జోస్యం చెప్పే టారో కార్డులు తీస్తే ఎయిట్ ఆఫ్ పెంటకిల్స్ వచ్చింది, వారం తర్వాత మళ్లీ అదే. బల్ల మీద కూర్చున్న ఒకడు సుత్తి, ఉలి పట్టుకుని బిళ్ల మీద నక్షత్రం చెక్కుతుంటాడు. చేసినవి పక్కన స్తంభానికి తగిలించి ఉంటాయి. "పనిలో డబ్బు కనిపిస్తోంది, పెట్టెయ్" అంది తను. మీలో ఎవరికైనా ఈ కార్డు వచ్చిందా? తర్వాత ఏమైంది?

అరండల్‌పేట_అక్క:
నాకొచ్చింది. మీ ఫ్రెండ్ చెప్పినట్టే అనుకుని గుంటూరులో కేకుల షాపు తెరిచా. కేకులు బాగానే వచ్చేవి, లెక్కే రాలేదు. కేజీ కేకుకి వెన్న, క్రీము ఎంత పడుతుందో చూసుకోకుండా పక్క షాపు రేటే పెట్టా. ఎనిమిది నెలలకి అడ్వాన్సు కూడా అద్దె కిందకి పోయింది. తప్పు కార్డుది కాదులెండి. ఆ బొమ్మలో ఊరెక్కడుందో చూడండి. వాడి వెనక, దూరంగా! కొట్టు తెరిచినవాడు ఊరికి అంత దూరంగా కూర్చుంటాడా?

చిలకజోస్యం:
దీనికీ చిలక తీసే కార్డుకీ తేడా ఏంటండీ? చిలకకి ఒక్క గింజ చాలు. మీ ఫ్రెండ్‌కి ఎంత ఇచ్చారు?

మగ్గంపిల్ల_బెజవాడ:
ప్లేటు మిరపకాయ బజ్జీలు 😀

పాతపేక:
చిలక గారు అడిగింది సబబే. టారో 15వ శతాబ్దంలో ఇటలీలో ఆడుకోడానికి పుట్టిన పేక, జోస్యం తర్వాత అంటుకుంది. మీరు చెప్పిన బొమ్మ 1909లో లండన్‌లో వచ్చిన సెట్‌ది. గీసింది పమేలా కోల్మన్ స్మిత్, గీయించింది వెయిట్ అనే రచయిత. ఈ కార్డుకి ఆయన చెప్పిన అర్థం పని, చేతి నేర్పు, అదీ బహుశా ఇంకా తయారయ్యే దశలో అని. త్రీ ఆఫ్ పెంటకిల్స్‌లో ఒక శిల్పి మఠంలో పని చేస్తుంటాడు. ఎనిమిదిలో నేర్చుకుంటున్న కుర్రాడే ఇక్కడ ఫలం అందుకుని అసలు పనిలోకి దిగాడంటాడు వెయిట్. అంటే అంకెకి మోసపోకండి, ఈ కథలో ఎనిమిదే ముందు, మూడు తర్వాత. తలకిందులుగా వస్తే మాత్రం డాంబికం, ధనాశ, వడ్డీ పిండడం. మీకు నిలువుగానే వచ్చిందా?

లేత్_ఆటోనగర్:
టారో నాకు తెలీదు. ఆటోనగర్‌లో లేత్ మీద 11 ఏళ్లు. మొదటి ఏడాది ఫేసింగ్, అంటే ముక్క ముఖం చదును చేయడం తప్ప ఇంకోటి ముట్టుకోనివ్వలేదు మా మేస్త్రి. ఒకరోజు బుష్‌కి, అంటే చిన్న లోహపు గొట్టం ముక్కకి, లోపల బోర్ కొడుతుంటే, అటు తిరిగి టీ తాగుతున్నవాడు "ఆపరా, సైజు దాటింది" అన్నాడు. మైక్రోమీటర్ పెట్టి చూస్తే నిజంగానే దాటింది. టూలు చప్పుడు మారిందట! సొంత లేత్ కొనేముందు నన్ను నేను ఒకటే అడిగా: ఎవరూ చెప్పకుండా నా తప్పు నాకు దొరుకుతోందా? దొరకడానికి ఏడేళ్లు పట్టింది.

కొండపల్లి_మేనల్లుడు:
మా మామయ్యది బొమ్మల పని. తెల్ల పొణికి చెక్క ఆరబెట్టి, చేతులూ కాళ్లూ విడిగా చెక్కి, చింతగింజల మక్కుతో అతికిస్తారు. నా వంతు మక్కు నూరడం, ఆకురాయి పట్టడం. బొమ్మకి కళ్లు దిద్దనిచ్చేసరికి నాకు మీసాలొచ్చాయి.

మగ్గంపిల్ల_బెజవాడ:
నిలువుగానే వచ్చిందండి. లేత్ అన్న మాట చదివి నిన్న డెలివరీకి సిద్ధంగా ఉన్న బ్లౌజు తిప్పి చూశా. జర్దోసీ ముడులు వెనక వదులుగా ఉన్నాయి. పైకి తెలీదు, ఓనర్ కూడా చూడలేదు. రాత్రి కూర్చుని ఒక చెయ్యి విప్పి మళ్లీ కుట్టా, రెండోది మిగిలింది. షాపు సంగతి శ్రావణమాసం సీజన్ అయ్యాకే. అక్కా, బ్లౌజుకి ఖర్చు లెక్క ఎలా వేయాలో చెప్తారా?

అరండల్‌పేట_అక్క:
పూసలు, దారం, మీరు కూర్చున్న గంటలు విడివిడిగా రాసి ఇక్కడే పెట్టండి. విప్పి కుట్టిన ఆ చెయ్యి కూడా లెక్కలోకే వస్తుంది.