చర్చి హాల్లో రోబోటిక్స్ జట్టు, సింగపూర్ ప్రయాణం: పోటీనీ పరిచర్యనూ కలపవచ్చా?

ప్రశ్న: అల్వాల్ యూత్ లీడర్

అందరికీ వందనాలు. అల్వాల్‌లోని ఒక చిన్న సంఘంలో ఆరేళ్లుగా యూత్ ఫెలోషిప్ బాధ్యత చూస్తున్నాను. మూడేళ్ల కిందట వేసవిలో వీబీఎస్ (సెలవుల బైబిలు బడి) పిల్లల కోసం తెచ్చిన పాత ఈవీ3 లెగో కిట్టును, అంటే ముక్కలు కలిపి రోబో కట్టే కిట్టును, వాళ్లు తిరిగి ఇవ్వనివ్వకపోవడంతో, శనివారం సాయంత్రాలు చర్చి హాల్లోనే ఒక రోబోటిక్స్ జట్టు తయారైంది. ఇప్పుడు పదకొండు నుంచి పదిహేనేళ్ల లోపు పిల్లలు ఎనిమిది మంది ఉన్నారు. ఐదుగురు మా సంఘం వాళ్లు, ఇద్దరు హిందూ కుటుంబాల వాళ్లు, ఒకబ్బాయి ముస్లిం. వాళ్ల బడుల్లో ల్యాబు లేదు గనుక ఇక్కడికి వస్తారు. మేమూ ఎవరి మతమూ అడగకుండానే చేర్చుకున్నాం.

వచ్చే ఏడాది సింగపూర్‌లో ఫస్ట్ లెగో లీగ్ అనే పిల్లల రోబోటిక్స్ పోటీ పద్ధతిలో జరిగే ఒక ఆహ్వాన పోటీకి మా జట్టుకు పిలుపు వచ్చింది. ఈ సంగతి తెలిసి అక్కడి తెలుగు సహవాసం వారు తమ ఇళ్లలో బస ఇస్తామన్నారు, టిక్కెట్ల ఖర్చులో సగం మా సంఘం ఖాతాకు పంపుతామన్నారు, దానికి తోడు రెండు సాయంత్రాలు యవ్వనస్థుల కూటంలో నన్ను వాక్యం చెప్పమనీ, పిల్లల చేత సాక్ష్యాలు (తమ విశ్వాస అనుభవాలు) చెప్పించమనీ కోరారు. ఇది దేవుడు తెరిచిన తలుపు అని పాస్టరుగారు సంతోషిస్తున్నారు. సంఘ పెద్దల్లో ఒకరు మాత్రం "పోటీకి వెళ్తున్నారా, సువార్తకు వెళ్తున్నారా, ముందు అది తేల్చండి" అన్నారు. అప్పుడు చిరాకు వేసింది గానీ, ఆ మాట అప్పటినుంచీ నన్ను వదలడం లేదు.

మా దగ్గర ఈ రెండూ ఎంతగా కలిసిపోయాయో ఒక్క సంగతి చెబుతాను. ప్రతి పరుగుకూ ముందు పిల్లలందరూ రోబో మీద చేతులుంచి ప్రార్థన చేసేవారు. తొంభై డిగ్రీలు తిరగాల్సిన చోట అది వంకరగా పోతుంటే, తప్పు ప్రోగ్రాములో ఉందనుకుని కొన్ని వారాలపాటు రాత్రిళ్లు కూర్చుని వెతికాను. చివరికి ఏడో తరగతి పాప కనిపెట్టింది. ముందు స్విచ్చు వేసి, ఆ తర్వాత చేతులు పెడుతున్నారు; రోబో ఎంత తిరిగిందో కొలిచే జైరో సెన్సర్ ఆన్ అయ్యే సమయంలోనే తన సున్నాను నిర్ణయించుకుంటుంది గనుక, అప్పుడు రోబో ఏమాత్రం కదిలినా రీడింగు దానంతటదే జారుతూ పోతుంది. "అన్నయ్యా, ముందు ప్రార్థన, తర్వాత స్విచ్చు" అంది.

పోటీని, కూటాలను ఒకే ప్రయాణంలో కలపడం సబబేనా? రోబో నేర్పేవాడు, ఆత్మీయ విషయాలు చెప్పేవాడు, పరాయి దేశంలో పిల్లల బాధ్యత మోసేవాడు ఒక్కడే కావచ్చా? అనుభవం ఉన్నవారు మొహమాటం లేకుండా చెప్పగలరు.

జవాబు: ట్రావెల్స్ కౌంటర్ వెనుక నుంచి

మంచీ చెడూ ఇతరులు చెబుతారు, నేను కాగితాల మాట చెబుతాను. సింగపూర్ వీసాకు మామూలుగా అధీకృత ఏజెంట్ల ద్వారా ఫారం 14ఏ పెడతాం. వచ్చే పని ఏమిటో అందులో రాయాలి. పోటీ అని రాసి కూటాల్లో ప్రసంగించడం పనికిరాదు. మత సంబంధమైన ప్రసంగం చేసే విదేశీయుడికి అక్కడి మానవ వనరుల శాఖ ఇచ్చే మిసలేనియస్ వర్క్ పాస్ ఉండాలి, దానికి దరఖాస్తు చేయాల్సింది పిలిచిన సంస్థ. మత సామరస్య పరిరక్షణ కోసం 1990లోనే చట్టం చేసుకున్న దేశం అది. "మన తెలుగువాళ్ల కూటమే కదా" అన్న మాట అక్కడ చెల్లదు.

డబ్బు సంగతి ఇంకా జాగ్రత్తగా చూడండి. విదేశీ విరాళం మీ సంఘం ఖాతాలో పడాలంటే 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద నమోదు గానీ ముందస్తు అనుమతి గానీ ఉండాలి, ఆ సొమ్ము మొదట వచ్చి చేరాల్సింది ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో ఆ పనికే తెరిచిన ఖాతాలోకి. ఆ రెండూ లేకపోతే ఒక్క రూపాయి కూడా వేయించుకోకండి. ఒకరిద్దరు విశ్వాసుల సొంత ఖాతాల్లోకి తెప్పించి సర్దుదామని ఎవరో ఒకరు తప్పక సలహా ఇస్తారు, ఆ సలహా అసలే వినకండి.

పిల్లల పాస్‌పోర్టులు ఇప్పుడే చూసుకోండి. మైనర్ల పాస్‌పోర్టు మామూలుగా ఐదేళ్లకు గానీ, పద్దెనిమిదేళ్లు నిండేవరకు గానీ, ఏది ముందైతే అంతవరకే చెల్లుతుంది. ప్రయాణ సమయానికి ఇంకా ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. కొత్తగా తీసుకునేవారికి తల్లిదండ్రులిద్దరూ సంతకం చేసిన సమ్మతి పత్రం, అనెక్షర్ డి, కావాలి, ఒకరి సమ్మతి దొరకని ఇంట్లో అనెక్షర్ సి పెట్టాలి. ఎనిమిది మందిలో అలాంటి ఇల్లు ఒక్కటైనా ఉంటుంది, ఆ తల్లిని అందరి ముందూ అడగకండి.

జవాబు: తార్నాక టీచరమ్మ

నేను ప్రభుత్వ పాఠశాలలో సైన్సు చెబుతాను. మేము క్రైస్తవులం కాము. మా అమ్మాయి కూడా రెండేళ్లు ఒక చర్చి ఆవరణలో నడిచే కంప్యూటరు తరగతికి వెళ్లింది, అక్కడ నేర్పినవారి ఓపికకు ఇప్పటికీ రుణపడి ఉన్నాను. అందుకే ఈ ప్రశ్న అడిగే చనువు తీసుకుంటున్నాను. రోబో మీద ఉంచిన ఆ చేతుల్లో ఆ ముగ్గురు పిల్లల చేతులూ ఉన్నాయా? ఉంటే, వాళ్ల ఇళ్లలో ఆ సంగతి తెలుసా?

గుర్తింపు పొందిన బడిలో మతబోధకు గానీ ప్రార్థనకు గానీ మైనరును కూర్చోబెట్టాలంటే సంరక్షకుల సమ్మతి ఉండాలని రాజ్యాంగంలోని 28(3) అధికరణ చెబుతుంది. మీది బడి కాదు కాబట్టి ఆ నియమం మీకు నేరుగా వర్తించదు. అయినా అందులోని న్యాయం వర్తిస్తుందని నా అభిప్రాయం. మా అమ్మాయిని ఒకసారి విజ్ఞాన యాత్ర అని బెంగళూరు తీసుకువెళ్లి, మూడు రాత్రులు భోజనాల తర్వాత మతసభలో కూర్చోబెట్టారు. అక్కడ జరిగిన చెడు ఏమీ లేదు, పాటలు బాగున్నాయనే అమ్మాయి చెప్పింది. కానీ ఆ మాట నాకు ముందుగా చెప్పలేదు, మరుసటి వారం నుంచి పంపడం మానేశాను. నష్టపోయింది మా అమ్మాయే, ఆ సంగతీ నాకు తెలుసు.

గంట గంటకూ ఎవరు ఎక్కడ ఉంటారో తెలుగులో రాసి, కూటం ఉన్న సాయంత్రాల్లో రాని పిల్లలు ఎవరితో ఏం చేస్తారో కూడా అందులోనే చేర్చి ఇవ్వండి. "రాకపోయినా ఫర్వాలేదు" అని మీరనడం చాలదు; రాని పిల్లవాడు గదిలో ఒంటరిగా కూర్చోవలసి వస్తే వాడు వస్తానే అంటాడు, దాన్ని ఇష్టం అనలేం. పైగా సగం టిక్కెట్టు ఆ సహవాసం వారే కొన్నప్పుడు ఏ తల్లి కాదనగలదు? ఇంకొకటి, ఇళ్లలో బస వద్దు. పిల్లలందరినీ ఒకేచోట ఉంచి, ఏ వేళలోనైనా ఇద్దరు పెద్దలు, అందులో ఒక స్త్రీ, ఉండేలా చూడండి. మీ మీద నమ్మకం లేక చెబుతున్న మాట కాదిది.

జవాబు: బాలానగర్ టూల్‌రూమ్ విశ్రాంత ఉద్యోగి

నేను సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘస్థుణ్ణి, ముప్పై ఏళ్లు లేతు మీద పనిచేసినవాణ్ణి, ఇప్పుడు మనవరాలి జట్టుకు సహాయకుణ్ణి. టీచరమ్మగారి మాటతో పూర్తిగా ఏకీభవిస్తాను. బైబిలు నిర్గమకాండములో ప్రత్యక్ష గుడారం పనిచేసిన బెసలేలుకు పనితనం కూడా ఆత్మ వరంగానే వచ్చింది. పిల్లలు స్క్రూ సరిగ్గా బిగించడమే ఒక సాక్ష్యం, దానికి వేదిక అక్కరలేదు.

నాకు ఆందోళన కలిగించింది మరొకటి. రాత్రిళ్లు కూర్చుని ప్రోగ్రాములో తప్పు మీరెందుకు వెతికారు బాబూ? ఆ పోటీలో ఒక్కో పరుగు రెండున్నర నిమిషాలే, బల్ల దగ్గర పిల్లలే ఉంటారు. రోబో పరుగు మొత్తం మార్కుల్లో పావు వంతు మాత్రమే. రోబో రూపకల్పన, ప్రాజెక్టు, విలువలు మిగిలిన మూడు పాళ్లు. న్యాయనిర్ణేతలు "ఈ చక్రం ఎందుకు మార్చారు" అని అడిగినప్పుడు జవాబు చెప్పాల్సింది వాళ్లు, మీరు నోరు మెదపకూడదు. ఆ ఏడో తరగతి పాప జైరో సంగతి కనిపెట్టిన తీరు చెబితే చాలు, గదిలో అందరూ వింటారు. మీరే ముందు కనిపెట్టి ఉంటే అది పోయేది. శనివారాల్లో చేతులు వెనక్కి కట్టుకుని నిలబడటం అలవాటు చేసుకోండి, నాకు ఏడాది పట్టింది. విడి భాగాలు కొనడానికి కూడా కోఠి గుజరాతీ గల్లీకి పిల్లలనే తీసుకువెళ్లి, బేరం వాళ్ల చేతే ఆడించండి.

ప్రయాణానికి రెండు మాటలు. విడిగా తీసుకువెళ్లే లిథియం బ్యాటరీలు చేతి సంచిలోనే ఉండాలి, స్క్రూడ్రైవర్లు, కటింగ్ ప్లయర్లు లగేజీలోనే వెళ్లాలి. తారుమారైతే శంషాబాద్‌లోనే ఆపేస్తారు. కిట్టును బయలుదేరే ముందే కస్టమ్స్‌వారికి చూపించి ఎగుమతి ధ్రువపత్రం తీసుకుంటే, తిరిగి వచ్చేటప్పుడు అక్కడ కొన్నారన్న పేచీ రాదు.

అల్వాల్ యూత్ లీడర్ తిరిగి రాసినది

టీచరమ్మగారూ, ఆ ముగ్గురి చేతులూ ఉన్నాయి. మూడేళ్లలో ఒక్కసారి కూడా నాకు తట్టలేదు. మీ జవాబు చదివిన మరునాడే ముగ్గురి ఇళ్లకూ వెళ్లాను. ఇద్దరు తల్లులకు తెలుసు, పట్టింపు లేదన్నారు. ముస్లిం అబ్బాయి వాళ్ల నాన్నగారికి తెలియదు. ఆయన టీ ఇచ్చి, చాలాసేపు ఏమీ మాట్లాడకుండా కూర్చుని, "ఇప్పుడైనా వచ్చి చెప్పారు" అన్నారు. ప్రయాణానికి పంపుతారో లేదో ఇంకా చెప్పలేదు, నేనూ అడగలేదు.

పాస్టరుగారితో మాట్లాడాను. మాకు ఎఫ్‌సీఆర్ఏ నమోదు లేదు, కాబట్టి ఆ సగం డబ్బు వద్దని రాసేశాం. ఖర్చుకు తల్లిదండ్రులతో కూర్చుని వేరే దారి చూస్తాం. కూటాలు ఈ ప్రయాణంలో ఉండవు. సింగపూర్ సహోదరులు కొంచెం నొచ్చుకున్నారు. పోటీ చూడటానికి వాళ్లనే రమ్మన్నాను. తోడుగా ఇద్దరు తల్లులు వస్తామన్నారు, బస యూత్ హాస్టల్లో చూస్తున్నాం.

నిన్న శనివారం ప్రార్థన మా ఐదుగురితో పక్క గదిలో ముందే ముగించి వచ్చాం. హాల్లోకి వచ్చేసరికి మిగిలిన ముగ్గురూ అప్పటికే స్విచ్చు వేసి, రోబోను ఎవరూ ముట్టకుండా చుట్టూ కుర్చీలు పెట్టి కాపలా కాస్తున్నారు.

ఒక సందేహం మిగిలింది. ఈవీ3 బ్యాటరీ ఇటుకకు (రోబోను నడిపే కంట్రోలర్ పెట్టెకు) బిగించే ఉంటుంది కదా, అప్పుడు కూడా రోబో మొత్తాన్ని చేతి సంచిలోనే తీసుకువెళ్లాలా, లేక దాన్ని విప్పి బ్యాటరీ ఒక్కటే వేరు చేస్తే సరిపోతుందా?