ఈ ఫ్లాట్ (E♭) క్లారినెట్‌కు బీ ఫ్లాట్ (B♭) రీడును సరిచేసి వాడవచ్చునా?

ప్రశ్న: బ్యాండు వాద్యకారుడు, వరంగల్

అందరికీ నమస్కారం. నేను ఇరవై ఏళ్లుగా బ్యాండులో బీ ఫ్లాట్ క్లారినెట్ వాయిస్తున్నాను. మా బృందంలో ఈ ఫ్లాట్ వాయించే పెద్దాయన పదవీ విరమణ చేయడంతో రెండు నెలల క్రితం ఆ చిన్న వాద్యం నా చేతికి వచ్చింది. వేళ్ల అమరిక మారదు. బీ ఫ్లాట్ మీద షడ్జం పలికించిన వేళ్లతోనే దీని మీద వాయిస్తే ఆ షడ్జానికి శుద్ధ మధ్యమం వినిపిస్తుంది. అందువల్ల వాయిద్యం త్వరగానే అలవాటైంది, చిక్కంతా రీడు (ఊదినప్పుడు కంపించి ధ్వని పుట్టించే పలుచని బద్ద) దగ్గరే వచ్చింది.

మా ఊరి దుకాణాలలో బీ ఫ్లాట్ రీడులు ఎప్పుడూ దొరుకుతాయి గాని, ఈ ఫ్లాట్ రీడులు కావాలంటే తెప్పించమని చెప్పి వారాల తరబడి ఎదురుచూడవలసి వస్తోంది. బీ ఫ్లాట్ రీడును ఈ చిన్న మౌత్‌పీసు (నోట పెట్టుకుని ఊదే భాగం) మీద పెడితే మందపు చివర కిందికి పొడుచుకువచ్చి దాని కింద ఉండే గొట్టపు ముక్క బ్యారెల్‌కు తగులుతోంది, పక్కల కూడా కొద్దిగా బయటికి వస్తోంది. పొడవు తగ్గిద్దామని ఒక రీడు పలుచని కొసను కత్తిరించి చూశాను. అది ఎంత ఊదినా పలకనంత గట్టిగా తయారైంది. అసలు ఈ పని ఎలా చేయాలి, చేయదగినదేనా, అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు: విశ్రాంత బ్యాండు వాద్యకారుడు, విజయవాడ

నమస్కారమండీ. చేయదగినదే. నేను చాలా ఏళ్లు అలాగే నెట్టుకొచ్చాను. అయితే కోత ఎప్పుడూ మందపు చివరనే పడాలి, కొసను ముట్టుకోకూడదు. రీడు కొస ఒక మిల్లీమీటరులో పదో వంతు మందం మాత్రమే ఉంటుంది, అక్కడి నుంచి వెనక్కి పోయేకొద్దీ మందం పెరుగుతుంది. మీరు కొసను కత్తిరించినప్పుడు ఆ పలుచని అంచు పోయి దాని వెనుకనున్న మందపాటి భాగమే కొత్త కొస అయింది కాబట్టి మీ రీడు అలా బిగుసుకుపోయింది. మందపు చివర సంగతి వేరు. అది బెరడుతో ఉన్న భాగం, దాని పని లిగేచర్ (రీడును మౌత్‌పీసుకు బిగించే పట్టీ) కింద కదలకుండా కూర్చోవడమే. అక్కడ కొన్ని మిల్లీమీటర్లు తీసివేసినా కంపించే భాగానికి ఏమీ కాదు.

ఎంత తీయాలన్నది మౌత్‌పీసును బట్టి ఉంటుంది. రీడును కొసకు కొస సరిగ్గా కలిపి మౌత్‌పీసు మీద ఉంచి, రీడు కూర్చునే చదునైన బల్లభాగం ముగిసేచోట బెరడు మీద పెన్సిలుతో గీత పెట్టండి. నా మౌత్‌పీసుకు 8 మిల్లీమీటర్లు తీయవలసి వచ్చేది. గీత చుట్టూ సన్నని టేపు చుట్టి, కొసను దాని ప్లాస్టిక్ తొడుగులోనే ఉంచి, సన్నపళ్ల హ్యాక్సా బ్లేడుతో బెరడు వైపు నుంచి నెమ్మదిగా కోయండి. చదును వైపు నుంచి కోస్తే బ్లేడు బయటికి వచ్చేటప్పుడు బెరడు పేళ్లుగా లేచి నిలువునా చీలే ప్రమాదం ఉంది. కోసిన అంచును వాటర్ పేపరు (గరుకు కాగితం) మీద రుద్దండి, లేకపోతే అక్కడ మిగిలిన పేళ్లు చదును వైపును ఎత్తిపట్టి రీడు సరిగా కూర్చోదు.

వెడల్పు దగ్గరే అసలైన ఓపిక కావాలి. బీ ఫ్లాట్ రీడు కొస దగ్గర సుమారు 13 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది, చిన్న మౌత్‌పీసుకు అంత అక్కర్లేదు. దళసరి అద్దం మీద 400 నంబరు వాటర్ పేపరు పరచి, రీడును పక్కవాటుగా నిలబెట్టి, మందపు చివర నుంచి కొస వైపుకు కాక కొస నుంచి వెనక్కి లాగుతూ రుద్దండి. ఎదురు రుద్దితే కొస మూల విరిగిపోతుంది. ఒక పక్క ఎన్ని సార్లు లాగితే రెండో పక్క కూడా అన్నే సార్లు లాగాలి, అయిదారు సార్లకొకసారి మౌత్‌పీసు మీద పెట్టి చూసుకోవాలి. రీడు మౌత్‌పీసు తెరుపుకు ఇరువైపులా ఉండే రెండు పట్టాలను నిండుగా కప్పినంతవరకే ఆ పని. ఒక్క వెంట్రుకవాసి ఎక్కువ తీసినా గాలి కారి ఆ రీడు ఇక పనికిరాదు. మౌత్‌పీసు వెనుక రంధ్రాన్ని అరచేతితో మూసి గాలి పీల్చి చూడండి: క్షణం పాటు రీడు అంటుకుని ఆ తర్వాత టప్పుమని విడితే గాలి కారడం లేదని అర్థం.

జవాబు: విండ్ బ్యాండు సభ్యుడు, డాలస్

పెద్దవారు చెప్పిన పద్ధతిలో కోత విషయంలో నాకు సందేహం లేదు. పక్కలు రుద్దడం మాత్రం అందరికీ అవసరం కాదని నా అనుభవం. ఇక్కడ మా బృందంలో ఇద్దరం ఈ ఫ్లాట్ వాయిస్తాము, ఇద్దరమూ మందపు చివరను కోసి వెడల్పును అలాగే వదిలేస్తాము. రెండు పక్కలా సమానంగా అరమిల్లీమీటరు బయటికి ఉన్నా మాకు ఇబ్బంది కలగలేదు. ఒకే పక్కకు జరిగితేనే పై స్థాయిలో కీచుమంటుంది. కాబట్టి ముందు కోసి వాయించి చూడండి, కీచులు వస్తేనే వాటర్ పేపరు తీయండి.

రీడు ఎంపిక గురించి కూడా ఒక మాట. రీడులు తయారుచేసే వాండోరెన్ సంస్థ వారి సంప్రదాయ రకం మందపు చివర 2.8 మిల్లీమీటర్లు, వీ 12 రకం 3.15 మిల్లీమీటర్లు ఉంటుంది. చిన్న లిగేచర్‌లో ఆ తేడా బాగా తెలుస్తుంది, వీ 12 పెడితే స్క్రూలు బిగించడానికే కష్టమవుతుంది. జర్మన్ పద్ధతి మౌత్‌పీసుల కోసం చేసే వైట్ మాస్టర్ రీడులు మామూలు వాటికన్నా తక్కువ వెడల్పుతో ఉంటాయి కనుక, అవి దొరికితే రుద్దే శ్రమ చాలావరకు తప్పుతుంది. సింథటిక్ రీడు వాడదలిస్తే కోయకండి, లెజేర్ వారు ఈ ఫ్లాట్ కొలతలోనే తయారుచేస్తున్నారు.

మళ్లీ ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. ఆదివారం కూర్చుని నాలుగు రీడులు కోశాను. మొదటిది చీలింది, టేపు చుట్టడం మరిచాను. మిగతా మూడూ బాగా వచ్చాయి. రెండింటిని పక్కలు రుద్దకుండానే వాయించగలిగాను, మూడోది పై స్థాయిలో కీచుమంటుంటే రుద్దాక సర్దుకుంది. కానీ మూడింటిలోనూ లిగేచర్ పై స్క్రూ బిగిస్తే ధ్వని మూసుకుపోయినట్టు అవుతోంది. కారణం ఏమై ఉంటుంది?

జవాబు: విశ్రాంత బ్యాండు వాద్యకారుడు, విజయవాడ

బీ ఫ్లాట్ రీడుకు బెరడు తీసి చెక్కిన భాగం ఈ ఫ్లాట్ రీడుకన్నా పొడవుగా ఉంటుందండీ. మీ లిగేచర్ పై అంచు బెరడు దాటి ఆ చెక్కిన భాగం మీదికి ఎక్కుతోంది, అందుకే కంపనం అణగిపోతోంది. లిగేచర్‌ను రెండు మూడు మిల్లీమీటర్లు కిందికి దింపి, మొత్తం బెరడు మీదనే పట్టేలా పెట్టండి. పై స్క్రూను కింది స్క్రూకన్నా వదులుగా ఉంచండి. అప్పటికీ మూసుకుపోతే గట్టిదనాన్ని తెలిపే నంబరు అర తక్కువగా ఉన్న మెత్తని రీడుతో మళ్లీ ప్రయత్నించి ఫలితం ఇక్కడే రాయండి.