స్కూకమ్‌చక్ చూడ్డానికి నాన్నగారితో ఏ రోజు, ఏ టైముకి వెళ్లాలి?

గోదారిగట్టు:

అందరికీ నమస్కారం. మేం కెనడాలో, వాంకూవర్ పక్కనున్న సర్రేలో ఉంటాం. అమ్మానాన్న మే నెలలో నర్సాపురం నుంచి వచ్చారు, సెప్టెంబరులో తిరుగు ప్రయాణం. నాన్నగారు ఇరిగేషన్‌లో ముప్పై నాలుగేళ్లు పనిచేశారు. అందులో ఎక్కువ కాలం కాలవ లాకుల మీదే. నీళ్లంటే ఆయనకి ప్రాణం. ఇక్కడ మాల్స్, పార్కులు అన్నీ తిప్పాను కానీ ఆయన మొహంలో ఉత్సాహం కనపడలేదు.

మొన్న మా ఆఫీసులో ఒకాయన వీడియో పంపాడు. సన్‌షైన్ కోస్ట్‌లో ఎగ్మాంట్ దగ్గర స్కూకమ్‌చక్ నారోస్ అట. సముద్రపు పాయ వరద గోదారిలా పరిగెడుతోంది. మధ్యలో ఆకుపచ్చ కెరటం ఒకటి ఉన్నచోటే నిలబడి ఉంది, దాని మీద కయాక్‌ల (చిన్న తెడ్డు పడవల) వాళ్లు ఆడుతున్నారు. నాన్నగారు ఫోను లాక్కుని మూడుసార్లు చూశారు. "కొండ లేదు, ఆనకట్ట లేదు. నీళ్లు ఇంత జోరుగా ఎందుకు పోతున్నాయిరా? ఎగువకీ దిగువకీ హెడ్డు ఎంతుంటుంది?" అని అడిగారు. హెడ్డు అంటే రెండు వైపులా నీటి మట్టాల మధ్య తేడా. నాకు జవాబు తెలియలేదు.

ఆయన్ని అక్కడ నిలబెట్టి చూపించాలని ఉంది. ఆయనకి 67 ఏళ్లు, కుడి మోకాలు నొప్పి. అమ్మ బాగానే నడుస్తుంది. ఒక్కరోజులో వెళ్లి రావచ్చా? నడక ఎంత? పౌర్ణమి చూసుకుని వెళ్తే చాలా? వెళ్లినవాళ్లు ఎవరైనా చెప్పండి.

ఉప్పుటేరు:

తమ్ముడూ, ముందు మీ నాన్నగారి ప్రశ్నకి జవాబు చెప్తాను. ఎందుకంటే అది అర్థమైతేనే ఏ రోజు వెళ్లాలో మీకు తెలుస్తుంది.

మాది ఆకివీడు. చిన్నప్పుడు పోటు వేళ ఉప్పుటేట్లో నీళ్లు ఎదురెక్కి కొల్లేరు వైపు రావడం చూస్తూ పెరిగాను. ఇక్కడా అదే కథ, కాకపోతే బలం చాలా ఎక్కువ. సీషెల్ట్ ఇన్‌లెట్ అనే సముద్రపు పాయని కొల్లేరు అనుకోండి. దానికి సామన్ ఇన్‌లెట్, నారోస్ ఇన్‌లెట్ అని రెండు పాయలు కలుస్తాయి. ఈ మూడింటికీ సముద్రం వైపు ఉన్న దారి ఒక్కటే, ఈ ఇరుకు. బయట పోటెక్కినప్పుడు మట్టం గబగబా పెరుగుతుంది. లోపలికి వెళ్లాల్సిన నీళ్లన్నీ ఆ ఒక్క మూతిలోంచి పట్టవు. కాబట్టి బయట ఎత్తు, లోపల పల్లం. పెద్ద రోజుల్లో ఈ తేడా 2 మీటర్లు దాటుతుంది. మీ నాన్నగారికి ఇంకేం చెప్పక్కర్లేదు, తలుపు తీసి వదిలేసిన లాకు అనండి చాలు. వేగం 16 నాట్ల దాకా పోతుంది, అంటే గంటకి 30 కిలోమీటర్లు. పాటు వేళ ఇదంతా తిరగబడి లోపలి నీళ్లు బయటికి పోతాయి. రెండింటికీ మధ్య కొద్ది నిమిషాలు నీళ్లు ఆగుతాయి. స్కూకమ్ అంటే బలమైనది, చక్ అంటే నీళ్లు. ఈ తీరంలో ఒకప్పుడు బేరసారాలకి వాడిన చినూక్ జార్గన్ అనే కలగలుపు భాషలో మాటలవి.

ఇప్పుడు రోజు సంగతి. పౌర్ణమి, అమావాస్య ఒక్కటే చూసుకుంటే చాలదు. మన తూర్పు తీరంలో రోజుకి రెండు పోట్లూ దాదాపు ఒకే ఎత్తులో వస్తాయి. ఇక్కడ అలా కాదు, ఒకటి పెద్దది, ఇంకోటి చిన్నది. మంచి తిథి చూసుకుని వెళ్లినా పెద్దది అర్ధరాత్రి పడొచ్చు. అందుకని కెనడా హైడ్రోగ్రాఫిక్ సర్వీస్ వాళ్ల ప్రవాహాల పట్టికలో సీషెల్ట్ ర్యాపిడ్స్ అనే పేరు వెతకండి, ఈ ఇరుకు అందులో ఆ పేరుతోనే ఉంటుంది. అందులో నీళ్లు ఆగే టైమూ, గరిష్ఠ వేగం టైమూ, ఎన్ని నాట్లో కూడా ఉంటాయి. ప్లస్ ఉంటే లోపలికి వెళ్లే పోటు, మైనస్ ఉంటే బయటికి వచ్చే పాటు. పగటిపూట 12 నాట్లు దాటే రోజు ఎంచుకోండి.

మీరు వీడియోలో చూసిన నిలబడ్డ కెరటం పోటుకే వస్తుంది. దాన్ని రోలండ్ పాయింట్ నుంచి చూడాలి. సుడిగుండాలు పాటుకి, నార్త్ పాయింట్ నుంచి. దారి చివర్లో చీలిక దగ్గర బోర్డులుంటాయి. చెప్పిన టైముకి అరగంట ముందు అక్కడ కూర్చోండి. అప్పుడు జోరు పెరగడం కళ్లముందే కనిపిస్తుంది.

నడక పోను 4 కిలోమీటర్లు, రాను 4. అడవి దారి, చాలావరకు వెడల్పుగానే ఉంటుంది, నిటారు ఎక్కుడు లేదు. చివర్లో మాత్రం వేళ్లు, రాళ్లు. మా అత్తగారు 64 ఏళ్ల వయసులో చేతికర్రతో నడిచారు, మాకు గంటన్నర పట్టింది. దారిలో బ్రౌన్ లేక్ దగ్గర ఆగి ఊపిరి పీల్చుకోండి.

సర్రే నుంచి హార్స్‌షూ బే గంట, అక్కణ్ణుంచి లాంగ్‌డేల్‌కి ఫెర్రీ 40 నిమిషాలు, ఆపైన 101 రోడ్డు మీద గంటన్నర. ఫెర్రీ కోసం ఆగేది కూడా కలిపితే ఇంట్లో బయలుదేరిన ఆరు గంటలకి నీళ్ల ముందుంటారు. బుధవారమో గురువారమో వెళ్లండి, ఫెర్రీ ముందే బుక్ చేసుకోండి. తిరిగొచ్చే ఆఖరి ఫెర్రీ టైము చూసుకోకుండా మాత్రం కదలొద్దు.

ఒక్క మాట గట్టిగా చెప్తాను. రోలండ్ పాయింట్‌లో రాళ్లు నీళ్ల దాకా పలకల్లా దిగుతాయి. తడిసిన చోట నాచు. ఫోటో కోసం అంచుకి వెళ్లొద్దు, ఎవర్నీ వెళ్లనివ్వొద్దు. ఆ నీళ్లల్లో పడ్డ మనిషిని ఒడ్డు మీదున్నవాళ్లు చెయ్యందించి లాగలేరు.

చలిదేశం:

అక్కయ్య చెప్పిన పట్టిక సంగతి ఇంకోసారి చెప్తున్నాను, ఎందుకంటే నేను అక్కడే దెబ్బతిన్నాను. రెండేళ్ల క్రితం పక్క రేవులో పోటు ఎన్నింటికి నిండుతుందో చూసి, అదే పెద్ద టైము అనుకుని ఇద్దరు పిల్లల్నీ నడిపించుకుంటూ వెళ్లాను. బయట పోటు నిండాక కూడా లోపలికి నీళ్లు చాలాసేపు నడుస్తూనే ఉంటాయట. మేం చేరేసరికి చివరికొచ్చి, చెరువులా నిలబడిపోయాయి. ఫెర్రీ ఉందని వెనక్కి వచ్చేశాం. పెద్దాడు కారులో ఒక్క మాట మాట్లాడలేదు. నీటి ఎత్తుల పట్టిక వేరు, ప్రవాహాల పట్టిక వేరు. మీకు కావాల్సింది రెండోది.

మోకాలు మరీ ఇబ్బంది పెడితే ఎగ్మాంట్ నుంచి పడవలో తీసుకెళ్లి చూపించేవాళ్లు ఉన్నారు. కానీ వీలైతే ఒడ్డు మీంచే చూపించండి. పడవలో పది నిమిషాలు చూస్తారు, ఒడ్డు మీదైతే మీ ఇష్టం వచ్చినంతసేపు కూర్చోవచ్చు. దారిలో ఫోన్ సిగ్నల్ సరిగా అందదు, పట్టిక స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. టార్చి కూడా పెట్టుకోండి, చెట్ల కింద తొందరగా చీకటి పడుతుంది.

గోదారిగట్టు:

ఉప్పుటేరు అక్కా, చలిదేశం అన్నా, వెళ్లొచ్చాం. నిన్న రాత్రి పదకొండున్నరకి ఇల్లు చేరాం. నిద్ర పట్టక ఇప్పుడే రాస్తున్నాను.

పట్టికలో గురువారం సాయంత్రం 4:10కి పోటు, 13 నాట్లు దాటి ఉంది. పదింటికి ఫెర్రీ ఎక్కి, లాంగ్‌డేల్ దాటాక దారిలో బల్ల దగ్గర అమ్మ కట్టిన పులిహోర తిన్నాం. నడక మొదలుపెట్టింది ఒకటిన్నరకి. నాన్నగారు నాలుగుసార్లు కూర్చున్నారు. మూడోసారి కూర్చున్నప్పుడు నాకు టెన్షన్ మొదలైంది, వెనక్కి వెళ్దామా అని అడిగాను. ఆయన మాట్లాడకుండా లేచి ముందు నడిచారు. చెట్లలోంచి శబ్దం వినపడుతోంది. ధవళేశ్వరంలో తలుపులు ఎత్తినప్పుడు వచ్చే హోరు అది, ఆయన చెవికి బాగా తెలిసిందే.

మూడున్నరకి రోలండ్ పాయింట్‌లో ఉన్నాం. పైన పొడిగా ఉన్న బండ మీద ఇద్దరినీ కూర్చోబెట్టాను. అప్పటికి కెరటం మోకాలెత్తు. తర్వాత నెమ్మదిగా లేచింది. ముందు నీళ్లు నున్నగా, గాజుపలకలా వంగి పల్లంలోకి జారుతున్నాయి. ఆ వంపు పూర్తయిన చోట ఆకుపచ్చ గోడ పైకి లేచి, దాని తలమీద నురుగు వెనక్కి విరుగుతోంది. కయాక్ వాళ్లు ఒడ్డున వరసలో ఆగి ఒక్కొక్కరే వస్తున్నారు. మా కంటి ముందే తాటిదుంగంత మాను ఒకటి వచ్చి, ఆ వంపులో తల దించి, నిటారుగా లేచి మునిగిపోయింది. తేలిన చోటు చూస్తే ఎక్కడో, చాలా దూరంలో.

నాన్నగారు కెరటం కంటే ఎడమపక్క నీళ్లనే ఎక్కువసేపు చూశారు. చేతికర్ర అడ్డంగా, కంటి ఎత్తులో పట్టుకుని చూస్తున్నారు. ఏంటి నాన్నా అంటే కర్ర నా చేతికిచ్చి పట్టమన్నారు. పట్టాను. కర్ర సమానంగా ఉంది, దాని వెనక నీళ్లు సమానంగా లేవు. సముద్రం వాలుగా ఉంది. అప్పటిదాకా నా కళ్లకి అది తట్టలేదు. "అదిరా హెడ్డు. మా లాకులో దీన్ని స్కేలు మీద చదివేవాళ్లం. ఇక్కడ కంటికే కనపడుతోంది" అన్నారు.

ఆ తర్వాత గంటసేపు ఆయనే మాట్లాడారు. సఖినేటిపల్లి రేవులో పాటు వేళ పంటు ఆగిపోతే ఇసుక మీద కూర్చుని పోటు కోసం ఎదురుచూసిన రోజులు, లాకు తలుపుకి ఇవతల నీళ్లూ అవతల నీళ్లూ సమానం అయ్యేదాకా లస్కర్లని తొందరపడనివ్వకపోవడం, అన్నీ చెప్పారు. ఇవేవీ నేనింతవరకు వినలేదు. అమ్మ రాతి సందులో అంటుకున్న ఊదారంగు నక్షత్ర చేపల్ని లెక్కపెట్టింది, పదకొండు.

తిరుగు నడకలో మోకాలు సలిపింది, చీకటి పడేలోపు కారు దగ్గరికి రాలేకపోయాం. చలిదేశం అన్నా, మీరు చెప్పిన టార్చి లేకపోతే చాలా కష్టమయ్యేది. ఆఖరి ఫెర్రీలో ఎక్కాం.

ఇప్పుడు ఆయనకి పాటు కూడా చూడాలని ఉంది. "పోటు చూసి పాటు చూడకపోతే సగం చూసినట్టే" అంటున్నారు. సెప్టెంబరు రెండో వారంలో పగలు మైనస్ 12 దాటే రోజు పట్టికలో వెతుకుతున్నాను. ఉప్పుటేరు అక్కా, నార్త్ పాయింట్ దగ్గర ఆయన కూర్చోవడానికి వీలైన చోటు ఉందా, మడత కుర్చీ మోసుకెళ్లాలా?

ఉప్పుటేరు:

కుర్చీ తీసుకెళ్లు తమ్ముడూ. బండ మీద గంట కూర్చుంటే లేచేటప్పుడు ఆ మోకాలికి కష్టం. నార్త్ పాయింట్ రోలండ్ కంటే కాస్త దగ్గరే. చీలిక దగ్గర బోర్డు చూసుకుని తిరగండి. రోజు ఖాయమయ్యాక ఇక్కడ రాయి, మా అత్తగారిని కూడా తీసుకొస్తాను.