చిన్న మిల్లింగ్ మెషిన్: పాసు పాసుకీ మెట్టు పడుతోంది, కొలత నిలవట్లేదు

ప్రశ్న:
అందరికీ నమస్తే. ఇంటి వెనక షెడ్డులో పెట్టుకున్న బెంచ్ మిల్లు, కాలమ్ (నిలువు స్తంభం) అడుగు నాలుగు బోల్టులతో బేస్‌ మీద కూర్చునే రకం. అల్యూమినియం దిమ్మ మీద ఎడమ నుంచి కుడికి ఫేసింగ్ (పై ముఖం చదును) చేస్తే పాసుకీ పాసుకీ (కట్టర్ తీసే ఒక్కో వరసకీ) మధ్య గోటికి తగిలేంత మెట్టు వస్తోంది. పైగా వెడల్పు 40 మి.మీ.కి తెద్దామని పక్కలు తీస్తే ఒకసారి 39.88, ఇంకోసారి 40.10. రెండు ఆదివారాలు, మూడు దిమ్మలు పోయాయి. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు 1:
తమ్ముడూ, ఇవి రెండు వేరు వేరు జబ్బులు. మెట్టు వస్తోందంటే హెడ్డు (కట్టర్‌ని పట్టి తిప్పే పై భాగం) ముందుకో వెనక్కో వాలింది. పక్కకి వాలి ఉంటే మెట్టు కాదు, పాసు మధ్యలో సన్నటి గుంట పడేది. ముందు జిబ్‌లు (టేబుల్ జారేచోట ఆట తీసే పట్టీలు) చూడు, టేబుల్‌ని చేత్తో పట్టి ఊపితే డయల్ ఇండికేటర్ (సన్నటి కదలికని చూపే కొలత సాధనం) ముల్లు కదులుతుంటే అవి బిగించేదాకా ఇంకేం కొలిచినా వృథా. తర్వాత ప్లగ్ తీసేసి, స్పిండిల్‌కి (కట్టర్ తిరిగే ఇరుసుకి) డయల్ ఇండికేటర్ కట్టి చేత్తో తిప్పు, టేబుల్ గాడి వచ్చినచోట ప్లంజర్‌ని (డయల్ కింద టేబుల్‌ని తాకే పుల్లని) వేలితో ఎత్తి దాటించు. 150 మి.మీ. చుట్టులో తేడా 0.02 లోపుంటే మన మెషిన్లకి చాలు. ముందువైపు ప్లంజర్ ఎక్కువ నొక్కుకుంటే కాలమ్ ముందు బోల్టుల దగ్గర షిమ్ (పల్చటి రేకు) పెట్టాలి. తేడాని ముందు, వెనక బోల్టుల మధ్య దూరంతో గుణించి 150తో భాగిస్తే దాని మందం వస్తుంది.

జవాబు 2:
కొలత సంగతి బ్యాక్‌లాష్ (స్క్రూకీ నట్టుకీ మధ్య ఉండే ఆట). ఎప్పుడూ ఒకే వైపు నుంచి కొలతకి రండి, దాటిపోతే సగం చుట్టు వెనక్కెళ్లి మళ్లీ రండి. కదపని అక్షానికి లాక్ వేయండి. క్లైంబ్ మిల్లింగ్‌లో (కట్టర్ పళ్లు కదిలే వైపుకే దిమ్మ కదిలే కోతలో) లోతుగా తీయొద్దు, స్క్రూలో ఆట ఉంటే కట్టర్ టేబుల్‌ని తనవైపు లాగేసుకుంటుంది. నాకు అలాగే 10 మి.మీ. ఎండ్ మిల్ (కడ్డీలాంటి కట్టర్) విరిగి ముక్క చెంప పక్కనుంచి పోయింది, కళ్లద్దాలు మాత్రం మర్చిపోకండి. జాబ్ (తీస్తున్న దిమ్మ) చల్లారాకే కొలవండి, 100 మి.మీ. అల్యూమినియం 10 డిగ్రీలు వేడెక్కితే 0.023 పెరుగుతుంది.

జవాబు 3:
ఎండ్ మిల్‌ని కలెట్‌లో (కట్టర్‌ని పట్టే బిగింపులో) వీలైనంత పొట్టిగా పట్టండి. బయటికి రెట్టింపు పొడుగుంటే అదే లోడ్‌కి ఎనిమిది రెట్లు వంగుతుంది.

ప్రశ్న అడిగినవారు:
అన్నా, ముందువైపు 0.07 ఎక్కువ చూపించింది. బోల్టుల మధ్య 110 మి.మీ., అంటే 0.05. ఫీలర్ గేజ్‌లో (సందులు కొలిచే రేకుల గుత్తిలో) ఆ రేకే కత్తిరించి పెట్టాను. బోల్టులు ఒక్కసారిగా బిగిస్తే మళ్లీ 0.03కి పోయింది, వదులు చేసి ఐమూలగా కొంచెం కొంచెం బిగిస్తే 0.015 దగ్గర ఆగింది. ఇప్పుడు వెలుతురులో గీతలు కనిపిస్తాయి గానీ గోటికి ఏమీ తగలట్లేదు. ఒకే వైపు నుంచి వచ్చి తీసిన దిమ్మ 40.02 వచ్చింది. వైస్ (దిమ్మని బిగించి పట్టే సాధనం) దవడకి డయల్ కట్టి చూడటం మిగిలింది, అది రేపు పొద్దున్న.