సొర పిందెలు పసుపుపచ్చబడి రాలిపోతున్నాయి, ఏం చేయాలి?

బెజవాడ_డాబాతోట:
డాబా మీద పెద్ద టబ్బులో సొరపాదు వేశాను. పందిరంతా అల్లుకుంది, పూత బోలెడు. కానీ పిందె బొటనవేలంత అయ్యేసరికి పసుపుపచ్చబడి రాలిపోతోంది. ఇప్పటికి తొమ్మిది పోయాయి. పశువుల ఎరువు, వేపపిండి అన్నీ వేశాను. పొద్దున్నే పాదు దగ్గరికి వెళ్లాలంటేనే టెన్షన్‌గా ఉంటోంది. ఎవరికైనా ఇలా అయిందా?

పందిరినీడ:
నేనూ రెండేళ్లు ఈ బాధ పడ్డానండీ. ఎరువు లోపం కాదు, పుప్పొడి అందడం లేదు. సొరలో ఆడపువ్వులు, మగపువ్వులు విడివిడిగా ఒకే తీగకు వస్తాయి. పువ్వు కింద నూగుతో చిన్న పిందె ఉంటే ఆడది, ఉత్త సన్నకాడ ఉంటే మగది. ఆ పిందె పువ్వుతో పాటే వస్తుంది, దాన్ని చూసి కాయ కట్టిందనుకుంటాం. పుప్పొడి పడకపోతే నాలుగు రోజుల్లో రాలిపోతుంది.

సొరపువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది. రాత్రిళ్లు తిరిగే రెక్కల పురుగులు రావాలి, మన డాబాల మీదికి అవి ఎన్ని వస్తాయి చెప్పండి? పొద్దుగూకాక టార్చి పట్టుకుని వెళ్లండి. అప్పుడే విచ్చిన మగపువ్వు తుంచి తెల్ల రెక్కలు తీసేస్తే మధ్యలో పసుపుపచ్చటి పొడి కనిపిస్తుంది. వేలితో తాకితే అంటుకోవాలి. దాన్ని ఆడపువ్వు మధ్యలో ఉబ్బెత్తుగా ఉండే భాగం మీద చుట్టూ మెల్లగా అద్దండి. పూత మీద మందు మాత్రం కొట్టకండి.

గుంటూరు_పెరడు:
బీరకూ సాయంత్రమే. గుమ్మడి, దోస, కాకర అయితే పొద్దున్నే.

బయాలజీ_టీచర్:
ఒక్కచోట అద్ది వదిలేయకండి. కాయలో పట్టే ఒక్కో గింజకు ఒక్కో పుప్పొడి రేణువు కావాలి. రేణువు కీలాగ్రం (ఆడపువ్వు మధ్యలోని ఆ ఉబ్బెత్తు భాగం) మీద మొలకెత్తి, సన్నటి గొట్టం చాచి అండం దాకా దిగుతుంది. దాంట్లోంచి రెండు మగకణాలు వెళ్తాయి. ఒకటి అండంతో కలిసి పిండమవుతుంది, రెండోదాని వల్ల ఆ పిండానికి ఆహారం తయారవుతుంది. ఈ రెండు కలయికల సంగతి 1898లో నవాషిన్ అనే వృక్షశాస్త్రవేత్త కనిపెట్టాడు. కొబ్బరినీళ్లు ఆ ఆహారమేనని చెప్పినప్పుడు క్లాసులో పిల్లల మొహాలు చూడాలి! గింజలు పట్టని వైపు కాయ సరిగా ఊరదు, వంకర కాయలు వచ్చేది అందుకే.

ఆకాకర_ప్రియ:
మాది ఇంకో కథ. ఆకాకర దుంపలు తెచ్చి నాటాం, ఒక్క కాయ లేదు. అన్నీ మగతీగలే! వాటిలో ఆడా మగా మొక్కలే వేరు. తెచ్చేటప్పుడు ఆడవాటితో పాటు ఒకటైనా మగది అడిగి తెచ్చుకోండి. దొండకు ఈ బాధ లేదు. మనం నాటే కొమ్మ ఆడతీగదే, పుప్పొడి లేకపోయినా కాస్తుంది.

బెజవాడ_డాబాతోట:
వారం కిందట ఐదు పువ్వులకు అద్దాను. మూడు నిలిచాయి! కాడలు కిందికి వంగాయి, పిందెలు లేతాకుపచ్చగా నిగనిగలాడుతున్నాయి. ఒకటి మాత్రం ఓ పక్క సన్నగా ఉంది, టీచర్ గారు చెప్పినట్టు అక్కడ పొడి సరిగా పడలేదేమో. ఈ సాయంత్రం ఇంకో రెండు ఆడపువ్వులు విచ్చుకునేలా ఉన్నాయి. ఒక్కోదానికి రెండేసి మగపువ్వులతో అద్దుతాను.